ఉద్యోగం కోసం చేతి డబ్బు ఖర్చయితే ట్యాక్స్‌లో ఏది, ఎవరికి, ఎంత కలిసొస్తుంది

మా బావమరిది మెడికల్ రిప్రజెంటేటివ్. ఇల్లు విజయనగరంలో, తిరుగుడంతా బొబ్బిలి, రాజాం, చీపురుపల్లి, పార్వతీపురం. మొన్న రిటర్నుల సీజన్‌లో చెప్పుల డబ్బా ఒకటి పట్టుకొచ్చి నా ముందు బోర్లించాడు. ఏడాది పొడుగునా దాచిన పెట్రోలు చీటీలు. సగం చీటీల మీద అక్షరం లేదు, ఆ మెషీన్ కాగితం నాలుగు నెలలు తిరిగేసరికి తెల్లగా అయిపోతుంది కదా. "ఏటి బావా, ఇంత తగలేశాను, ఎంత వెనక్కొస్తాది?" అన్నాడు.

ఏమీ రాదన్నాను. మొహం మాడ్చుకున్నాడు. నేను ఒక కంపెనీ అకౌంట్స్‌లో పనిచేస్తాను కాబట్టి చుట్టాలు, పక్కింటివాళ్ళు, చెల్లి వాళ్ళ స్కూలు టీచర్లు అందరూ జూన్, జూలైలో ఇదే ప్రశ్నతో వస్తారు. అందుకే ఒక్కసారి కూర్చుని రాస్తున్నాను.

అసలు సంగతి ముందే చెప్పేస్తాను. కొట్టు పెట్టుకున్నవాడు పెట్రోలు, ఫోను, కుర్చీ, ఏ ఖర్చైనా ఆదాయంలోంచి తీసేసి మిగిలినదానికి పన్ను కడతాడు. మన దేశంలో జీతగాడికి ఆ సౌకర్యం లేదు. జీతంలోంచి తీసేయడానికి చట్టం ఒప్పుకునేవి సెక్షన్ 16లో ఉన్న మూడే: స్టాండర్డ్ డిడక్షన్ (బిల్లులు అడగకుండా జీతగాళ్ళందరికీ తీసేసే ఒక స్థిరమైన మొత్తం), ప్రొఫెషనల్ ట్యాక్స్ (ఉద్యోగం మీద రాష్ట్రం వేసే పన్ను), ప్రభుత్వ ఉద్యోగులకి మాత్రమే వర్తించే ఎంటర్‌టైన్‌మెంట్ అలవెన్స్ (అదీ ఏడాదికి 5 వేలు మించదు). కాబట్టి "నేను ఎంత ఖర్చుపెట్టాను" అన్నది ఇక్కడ పెద్ద ప్రశ్న కాదు. ఆ డబ్బు మీకు కంపెనీ నుంచి ఏ పేరుతో, ఏ కాగితం మీద వచ్చింది అన్నదే ప్రశ్న.

ఇంకో మాట. కింద రాసిన అంకెలు, సెక్షన్లు 2025-26 ఆర్థిక సంవత్సరానివి, అంటే 2026 మార్చితో ముగిసే ఏడాదికి, 1961 చట్టం ప్రకారం. 2026 ఏప్రిల్ 1 నుంచి వర్తించేది కొత్త ఆదాయపు పన్ను చట్టం, అందులో సెక్షన్ నంబర్లు వేరు, కాబట్టి ఆ తర్వాతి ఏడాదికి ఈ లెక్కనే పట్టుకుని కూర్చోకండి.

## ముందు ఇవి తేల్చుకోండి

మీ మొత్తం జీతం 12 లక్షల 75 వేలకి పైనా, లోపా? అన్నిటికంటే ముందు ఇదే చూడాలి. కొత్త పద్ధతిలో (ఆఫీసుల్లో న్యూ రెజీమ్ అంటారు, ఇందులో పన్ను శాతాలు తక్కువ, మినహాయింపులూ తక్కువ; మినహాయింపులు ఎక్కువ ఉన్నది పాత పద్ధతి) 75 వేలు స్టాండర్డ్ డిడక్షన్ పోగా మిగిలింది 12 లక్షల లోపుంటే రిబేటు (పన్ను మాఫీ) వల్ల పన్ను సున్నా. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో నన్ను అడిగేవాళ్ళలో పదిమందిలో ఎనిమిది మంది ఈ గీతకి కిందే ఉంటారు. వాళ్ళకి పన్నే లేనప్పుడు తగ్గించుకోవడానికి ఏముంటుంది? షేర్లు అమ్మిన లాభం లాంటివి ఉంటే మాత్రం ఆ లెక్క వేరు.

రెండోది, ఖర్చు డ్యూటీ మీద అయిందా, డ్యూటీకి వెళ్ళడానికి అయిందా. వినడానికి రెండూ ఒకటే అనిపిస్తాయి. విజయనగరం నుంచి పొద్దున్నే రైలెక్కి విశాఖ ఆఫీసుకి వెళ్ళడం డ్యూటీకి వెళ్ళడం. ఆ ఆఫీసు నుంచి మేనేజరు పంపితే టెక్కలిలో కస్టమర్‌ని కలవడానికి వెళ్ళడం డ్యూటీ. మొదటిదానికి చట్టంలో చోటు లేదు, సీజన్ టికెట్ మీద ఎంత పెట్టినా సరే.

మూడోది రుజువు. నాలుగోది, మీ ఆఖరి రూపాయి మీద ఎంత శాతం పన్ను పడుతోంది, 15 శాతమా, 20 శాతమా, 30 శాతమా. వెయ్యి రూపాయల అలవెన్స్‌కి మినహాయింపు దొరికితే వెయ్యి వెనక్కి రాదు, మీ శాతం ఎంతో అంతే మిగులుతుంది. 20 శాతం శ్లాబులో ఉంటే సెస్సుతో (పన్ను మీద వేసే నాలుగు శాతం అదనం) కలిపి 208 రూపాయలు. దీన్ని మర్చిపోయి చాలామంది 208 రూపాయల కోసం రెండు వేల తలనొప్పి తెచ్చుకుంటారు.

## ఒక చూపులో

| ఖర్చు లేదా అలవెన్స్ | కొత్త పద్ధతి | పాత పద్ధతి | దాచుకోవాల్సింది |
|---|---|---|---|
| స్టాండర్డ్ డిడక్షన్ | 75,000 | 50,000 | ఏమీ అక్కర్లేదు |
| టూర్, బదిలీ ప్రయాణ ఖర్చు | పన్ను పడదు | పన్ను పడదు | టూర్ ఆర్డరు, టికెట్లు |
| టూర్‌లో డైలీ అలవెన్స్ | ఖర్చైనంత వరకు పడదు | ఖర్చైనంత వరకు పడదు | టూర్ డైరీ, లాడ్జి బిల్లు |
| డ్యూటీ మీద తిరగడానికి కన్వేయన్స్ | ఖర్చైనంత వరకు పడదు | ఖర్చైనంత వరకు పడదు | కిలోమీటర్ల పుస్తకం |
| కంపెనీ కట్టే ఫోన్ బిల్లు | పన్ను పడదు | పన్ను పడదు | బిల్లు |
| కంపెనీ ల్యాప్‌టాప్ వాడకం | పన్ను పడదు | పన్ను పడదు | ఏమీ అక్కర్లేదు |
| యూనిఫాం అలవెన్స్ | పన్ను పడుతుంది | ఖర్చైనంత వరకు పడదు | కొన్న బిల్లు, కుట్టుకూలి రసీదు |
| హెల్పర్, పరిశోధన అలవెన్సులు | పన్ను పడుతుంది | ఖర్చైనంత వరకు పడదు | చెల్లింపు రసీదులు |
| రైల్వే రన్నింగ్ అలవెన్స్ | పన్ను పడుతుంది | 70 శాతం, నెలకి 10,000 మించకుండా పడదు | జీతం స్లిప్ |
| భోజనం కూపన్లు | పన్ను పడుతుంది | పూటకి 50 రూపాయల వరకు పడదు | కంపెనీ రికార్డు |
| ప్రొఫెషనల్ ట్యాక్స్ | తగ్గదు | తగ్గుతుంది | ఫారం 16 (జీతం, పన్ను వివరాలతో ఆఫీసు ఇచ్చే కాగితం) |
| ఇంటి నుంచి ఆఫీసుకి ప్రయాణం | పన్ను పడుతుంది | పన్ను పడుతుంది | దాచినా లాభం లేదు |

ఆఖరి వరసకి ఒక్క మినహాయింపు ఉంది. చూపు లేనివాళ్ళు, వినికిడి, మాట లేనివాళ్ళు, కాళ్ళ వైకల్యం ఉన్నవాళ్ళకి కంపెనీ ట్రాన్స్‌పోర్ట్ అలవెన్స్ ఇస్తే నెలకి 3,200 వరకు రెండు పద్ధతుల్లోనూ పన్ను లేదు. మిగతావాళ్ళకి ఒకప్పుడు నెలకి 1,600 ఉండేది. 2018లో దాన్నీ, 15 వేల మెడికల్ బిల్లుల సౌకర్యాన్నీ తీసేసి, బదులుగా 40 వేల స్టాండర్డ్ డిడక్షన్ తెచ్చారు, మరుసటేడు 50 వేలు చేశారు. అంటే మీ రైలు సీజన్ టికెట్, మీ ఆటో చార్జీ, మీ బూట్లు అన్నీ ఆ ఒక్క అంకెలోనే ఉన్నాయనుకోవాలి.

## ఏమీ చేయకుండా ఊరుకోవడం

సోమరితనంలా కనిపిస్తుంది గానీ చాలామందికి ఇదే సరైన దారి. శ్రీకాకుళంలో ప్రభుత్వ టీచరు ఉన్నారనుకోండి, ఏడాది జీతం 9 లక్షల 60 వేలు. 75 వేలు పోతే 8 లక్షల 85 వేలు. కొత్త పద్ధతిలో పన్ను లేదు. ఆవిడ స్కూలు కోసం సొంత డబ్బుతో చార్టులు కొన్నా, ఆమదాలవలస నుంచి రోజూ స్కూటీ మీద వెళ్ళినా ట్యాక్స్ పరంగా చేయాల్సింది ఏమీ లేదు. ఫారం 16 చూసుకుని, బ్యాంకు వడ్డీ కలుపుకుని రిటర్ను వేసేయడమే. స్పాట్ వాల్యుయేషన్‌కి వెళ్తే ఇచ్చే టీఏ, డీఏ (ప్రయాణ ఖర్చు, డైలీ అలవెన్స్) వేరు, పేపర్లు దిద్దినందుకు ఇచ్చే రెమ్యూనరేషన్ వేరు. రెండోది ఆదాయమే, కలపాలి.

ఏజెన్సీలో పనిచేసే టీచర్లు ఒకటి అడుగుతుంటారు, గిరిజన ప్రాంతం అలవెన్స్‌కి మినహాయింపు ఉందట కదా అని. ఉంది, పాత పద్ధతిలో, నెలకి 200 రూపాయలు. అయితే ఆ రూల్లో రాసిన రాష్ట్రాల జాబితాలో ఒడిశా ఉంది గానీ మన ఆంధ్రప్రదేశ్ లేదు. కొండకి అటువైపు ఉంటే వస్తుంది, సీతంపేట వైపు ఉంటే రాదు. 200 రూపాయలే కాబట్టి బాధపడక్కర్లేదు గానీ, వింటే నవ్వొస్తుంది.

## బిల్లు ఇచ్చి డబ్బు తీసుకోవడం

నన్నడిగితే అన్నిటికంటే శుభ్రమైన దారి ఇదే. కంపెనీ పని మీద మీరు ఖర్చుపెట్టారు, బిల్లిచ్చారు, కంపెనీ మీ డబ్బు మీకిచ్చింది. అది మీ ఆదాయమే కాదు, కంపెనీ ఖర్చు. మామూలుగా ఫారం 16లో జీతం కింద కూడా కనిపించదు కాబట్టి రిటర్నులో ఎక్కడా వివరించుకోవాల్సిన పని ఉండదు. పాత పద్ధతి, కొత్త పద్ధతి అన్న గొడవా లేదు.

విజయనగరంలో ఇంట్లో కూర్చుని హైదరాబాద్ కంపెనీకి పనిచేసే సాఫ్ట్‌వేర్ పిల్లలకి ఇది ముఖ్యం. ఫోన్ బిల్లు, చాలా కంపెనీల్లో దాంతోపాటు ఇంటర్నెట్ బిల్లు, కంపెనీ తిరిగిస్తే పన్ను పడదు. అదే డబ్బుని "స్పెషల్ అలవెన్స్" అని జీతంలో కలిపేస్తే మొత్తం పన్ను పడుతుంది. ఖర్చూ అదే, డబ్బూ అదే, పే స్లిప్‌లో పేరు మారింది అంతే. కాబట్టి కంపెనీ మార్చేటప్పుడు ఆఫర్ లెటర్‌లో మొత్తం అంకె ఒక్కటే చూసి సంతకం పెట్టకుండా ఈ భాగం ఎలా విడగొట్టారో హెచ్‌ఆర్‌ని అడగండి. సొంత డబ్బుతో కొన్న కుర్చీకీ, ఇన్వర్టర్ బ్యాటరీకీ మాత్రం ఏ పద్ధతిలోనూ ఏమీ రాదు, మా వీధి కరెంటు కోతల గురించి ఎంత చెప్పుకున్నా సరే.

సొంత బండి సంగతి కొంచెం చిక్కు. బండి మీది, ఖర్చు కంపెనీ ఇస్తోంది, అదే బండి మీద పిల్లల్ని ట్యూషన్‌కి కూడా దించుతున్నారు అనుకోండి. అప్పుడు మోటారు సైకిల్ అయితే నెలకి 900 రూపాయల వరకు డ్యూటీ వాడకం కింద ఒప్పుకుంటారు, కారైతే 1.6 లీటర్ల లోపు ఇంజన్‌కి 1,800, పైదానికి 2,400, డ్రైవరుంటే ఇంకో 900. దాన్ని మించి కంపెనీ ఇచ్చింది మీ జీతంలో కలుస్తుంది. నిజంగా అంతకంటే ఎక్కువ డ్యూటీ మీదే తిరిగాను అంటే పుస్తకం చూపించాలి: తేదీ, ఎక్కడికి, ఎన్ని కిలోమీటర్లు, ఎంత ఖర్చు, దానికి తోడు ఇది డ్యూటీ ఖర్చే అని కంపెనీ ఇచ్చే సర్టిఫికెట్.

ఈ దారిలో ఉన్న బాధ ట్యాక్స్‌ది కాదు, జేబుది. ముందు మీరు పెట్టుకోవాలి, కంపెనీ నెల తర్వాతో రెండు నెలల తర్వాతో ఇస్తుంది. ఇరవై వేలు అలా బయట తిరుగుతుంటే ఇంటి అద్దె కట్టే రోజుకి టెన్షన్ తప్పదు. బిల్లు పోతే డబ్బూ పోతుంది.

## నెలనెలా అలవెన్స్ తీసుకోవడం

ఇందులో డబ్బు ముందే చేతికొస్తుంది. సెక్షన్ 10(14) కింద డ్యూటీ కోసం ఇచ్చే అలవెన్స్‌లకి నిజంగా ఖర్చైనంత వరకే మినహాయింపు. మిగిలింది మీదే, కానీ దానికి పన్ను ఉంటుంది. కొత్త పద్ధతిలో కూడా టూర్ ప్రయాణం, టూర్‌లో డైలీ అలవెన్స్, డ్యూటీ మీద తిరిగే కన్వేయన్స్, ఈ మూడూ బతికే ఉన్నాయి. "కొత్తదానికి మారితే అన్ని మినహాయింపులూ పోతాయి" అని టీకొట్టు దగ్గర చెప్పేవాళ్ళు ఈ మూడింటినీ వదిలేస్తారు.

ఇవి ఎంత పనిచేస్తాయో చూపించడానికి ఒక లెక్క. మా బావమరిది పై ఆఫీసరు లాంటి ఏరియా మేనేజరు, ఇచ్ఛాపురం నుంచి కొత్తవలస దాకా తిరుగుతాడు. జీతం 12 లక్షల 40 వేలు, టీఏ, డీఏ మీద ఇంకో 2 లక్షల 10 వేలు. అందులో నిజంగా లక్షా 80 వేలు ఖర్చయింది, 30 వేలు మిగిలాయి.

టూర్ డైరీ, బిల్లులు సరిగ్గా ఇచ్చాడు అనుకోండి. పన్నుకి వచ్చే జీతం 12 లక్షల 70 వేలు, స్టాండర్డ్ డిడక్షన్ పోతే 11 లక్షల 95 వేలు. పన్ను సున్నా.

డైరీ ఇవ్వలేదు, కంపెనీ మొత్తాన్నీ జీతంగా చూపించేసింది అనుకోండి. 14 లక్షల 50 వేలలో 75 వేలు పోతే 13 లక్షల 75 వేలు. పన్ను 86,250, నాలుగు శాతం సెస్సు కలిపితే 89,700. ఒక డైరీ రాయని ఖరీదు దాదాపు 90 వేలు. ఈ లెక్క చూపించాకే మా బావమరిది డబ్బా పక్కన పెట్టి సరిగ్గా కూర్చున్నాడు.

ఇక్కడే ఇంకో వింత ఉంది. 12 లక్షల 75 వేలకీ, సుమారు 13 లక్షల 45 వేలకీ మధ్య జీతం ఉన్నవాళ్ళకి, స్టాండర్డ్ డిడక్షన్ పోగా 12 లక్షల పైన ఎంత ఉందో అంతకు మించి పన్ను పడకుండా ఒక రక్షణ ఉంది, మార్జినల్ రిలీఫ్ అంటారు. దాని అర్థాన్ని తిరగేసి చూడండి. ఈ మధ్యలో ఉన్నవాడికి ఎక్కువొచ్చిన ప్రతి రూపాయీ మొత్తంగా పన్నుకే పోతుంది. జీతం 12 లక్షల 95 వేలైతే పన్ను 20 వేలు, సెస్సుతో 20,800. ఆ 20 వేలు నిజంగా డ్యూటీ ప్రయాణానికి ఖర్చైనదై, కంపెనీ దాన్ని కన్వేయన్స్‌గా చూపిస్తే ఆ 20,800 మొత్తం మిగులుతుంది. మీరు ఈ ఇరుకు సందులో ఉంటే మార్చి దాకా ఆగకండి, ఏప్రిల్లోనే అకౌంట్స్‌వాళ్ళ దగ్గరికి వెళ్ళండి.

పే స్లిప్‌లో కన్వేయన్స్ అని పేరుంది కదా అని సంబరపడకండి. రోజూ ఆఫీసుకి రావడానికి ఇచ్చేదైతే పేరు ఏదైనా పన్ను పడుతుంది. కంపెనీ కారో, బస్సో డ్యూటీ తిరుగుడుకి ఉచితంగా ఇస్తున్నా ఈ మినహాయింపు రాదు.

## దీని కోసం పాత పద్ధతికి వెళ్ళాలా?

పైడిభీమవరం ఫార్మా కంపెనీల్లో పనిచేసేవాళ్ళు అడిగే ప్రశ్న ఇది. యూనిఫాం అలవెన్స్ ఏడాదికి 24 వేలు ఇస్తారు, కొత్త పద్ధతిలో దానికి మినహాయింపు లేదు, పాతదానికి మారిపోనా అని. 24 వేలకి 30 శాతం శ్లాబులో మిగిలేది 7,488 రూపాయలు. దానికోసం మొత్తం పద్ధతి మార్చడం చేప కోసం చెరువు కొన్నట్టు.

18 లక్షల జీతం తీసుకుందాం. కొత్త పద్ధతిలో పన్ను సెస్సుతో 1,50,800. పాత పద్ధతిలో ఇంతకంటే తక్కువ కట్టాలంటే మొత్తం తగ్గింపులు సుమారు 6 లక్షల 92 వేలు దాటాలి. స్టాండర్డ్ డిడక్షన్ 50 వేలు, ప్రొఫెషనల్ ట్యాక్స్ మన రాష్ట్రంలో నెలకి 200 చొప్పున 2,400, పీఎఫ్, ఎల్‌ఐసీ లాంటివి కలిపి లక్షన్నర, ఎన్‌పీఎస్ (పెన్షన్ పథకం) 50 వేలు, ఇంటి అప్పు వడ్డీ 2 లక్షలు, ఆరోగ్య బీమా 25 వేలు, అన్నీ నిండా వాడినా 4 లక్షల 77 వేలే అయింది. మిగతా 2 లక్షల 15 వేలు ఇంటి అద్దె అలవెన్స్ నుంచి రావాలి. ఊళ్ళో అప్పు చేసి ఇల్లు కట్టుకుని, ఉద్యోగం కోసం వేరే ఊళ్ళో అద్దెకి ఉంటూ ఆ అద్దె కూడా గట్టిగా కడుతున్నవాళ్ళకే ఇది కుదురుతుంది. అలాంటివాళ్ళు లేకపోలేదు, కానీ అప్పుడు కూడా వాళ్ళని పాతదానికి లాగేది అద్దె, అప్పు. యూనిఫాం కాదు.

పని ఖర్చు మినహాయింపు పెద్దదై, పాత పద్ధతి గురించి నిజంగా ఆలోచించాల్సినవాళ్ళు ఒక్కరే కనిపిస్తారు నాకు, రైల్వే లోకో పైలట్లు, గార్డులు. విజయనగరం జంక్షన్ చుట్టుపక్కల వీధుల్లో ఈ కుటుంబాలు చాలా ఉంటాయి. వాళ్ళ రన్నింగ్ అలవెన్స్‌లో 70 శాతం, నెలకి 10 వేలు మించకుండా, అంటే ఏడాదికి లక్షా 20 వేల దాకా పాత పద్ధతిలో పన్ను పడదు. విడిగా డైలీ అలవెన్స్ తీసుకోకూడదన్నది షరతు.

అలవెన్స్‌తో కలిపి మొత్తం 16 లక్షలు వచ్చే లోకో పైలట్ లెక్క చూడండి. కొత్త పద్ధతిలో 1,13,100. పాత పద్ధతిలో రన్నింగ్ అలవెన్స్ లక్షా 20 వేలు, స్టాండర్డ్ 50 వేలు, ప్రొఫెషనల్ ట్యాక్స్, పొదుపులు లక్షన్నర, ఎన్‌పీఎస్ అదనంగా 50 వేలు, అమ్మానాన్నల ఆరోగ్య బీమా 25 వేలు తీసేసినా 1,80,211 వస్తుంది. ఇంటి అప్పు వడ్డీ 2 లక్షలు కూడా ఉంటే 1,17,811. అప్పటికీ కొత్తదే నాలుగున్నర వేల పైచిలుకు తక్కువ. ఇంకాస్త అద్దె మినహాయింపు తోడైతే పాతది గెలుస్తుంది. క్వార్టర్స్‌లో ఉండేవాళ్ళకి అదీ ఉండదు. కాబట్టి తోటి పైలట్ పాతది పెట్టుకున్నాడని మీరూ పెట్టుకోకండి, అతనికి ఇంటి అప్పు ఉందేమో, మీకు లేదేమో.

జీతగాళ్ళకి ఒక వెసులుబాటు ఉంది. ఏటా మార్చుకోవచ్చు, కంపెనీకి ఏడాది మొదట్లో కొత్తది అని చెప్పినా రిటర్నులో పాతది ఎంచుకోవచ్చు, గడువు తేదీ లోపల వేస్తేనే. గడువు దాటితే కొత్తదే గతి.

## జీతం మానేసి ఫీజు తీసుకోవడం

ఈమధ్య ప్రైవేటు ఆసుపత్రుల్లో డాక్టర్లకి, సైట్ ఇంజినీర్లకి, ఐటీ వాళ్ళకి కంపెనీలే అడుగుతున్నాయి, జీతం కావాలా, కన్సల్టెంట్ ఫీజు కావాలా అని. సెక్షన్ 44ఏడీఏ కింద వైద్యం, న్యాయం, ఇంజినీరింగ్, అకౌంటెన్సీ, ఐటీ లాంటి వృత్తులవాళ్ళు ఏడాదికి 50 లక్షల లోపు ఫీజు తీసుకుంటే (నగదు రూపంలో 5 శాతం మించకపోతే 75 లక్షలు) అందులో సగమే ఆదాయంగా చూపిస్తే చాలు. మిగతా సగం ఖర్చు అనుకుంటారు, బిల్లు ఒక్కటీ అడగరు. మా బావమరిది ఇది వినగానే లేచి కూర్చున్నాడు. కానీ మెడికల్ రెప్ పని ఆ వృత్తుల జాబితాలో లేదు.

జాబితాలో ఉన్నవాళ్ళకైనా అంకె చూసి తొందరపడకూడదు. 15 లక్షల జీతానికి కొత్త పద్ధతిలో పన్ను 97,500. అదే 15 లక్షలు ఫీజైతే ఏడున్నర లక్షలే ఆదాయం, పన్ను సున్నా. భలే ఉంది. ఇప్పుడు రెండోవైపు చూడండి. బేసిక్ నెలకి 50 వేలు అనుకుంటే, జీతం పైన కంపెనీ పీఎఫ్‌లో వేసే 12 శాతం ఏడాదికి 72 వేలు, గ్రాట్యుటీ ఏడాదికి సుమారు 28,800. రెండూ కలిపితే లక్ష దాటింది. మిగిల్చిన పన్ను కంటే పోగొట్టుకున్నదే ఎక్కువ. సెలవులు పోతాయి, జ్వరమొస్తే ఆ రోజు డబ్బు రాదు, బ్యాంకులో ఇంటి అప్పుకి వెళ్తే జీతం స్లిప్ ఉన్నవాడికి ఇచ్చినంత తేలిగ్గా ఇవ్వరు. కంపెనీ పీఎఫ్ వాటాకి సరిపడా ఫీజు పెంచితేనే మాట్లాడండి.

పైగా టీడీఎస్ (ఫీజు ఇచ్చేటప్పుడే పట్టుకునే పన్ను) మామూలుగా 10 శాతం కోస్తారు, రిటర్ను వేశాకే వెనక్కొస్తుంది. పన్ను కట్టాల్సి వస్తే మార్చి 15 లోపు అడ్వాన్స్ ట్యాక్స్ కట్టాలి. ఫీజు 20 లక్షలు దాటితే జీఎస్టీ రిజిస్ట్రేషన్, వైద్య సేవలకి మాత్రం అది వర్తించదు. ఒకసారి పాత పద్ధతికి వెళ్ళి తిరిగి కొత్తదానికి వస్తే మళ్ళీ పాతదానికి వెళ్ళే దారి ఉండదు, జీతగాడిలా ఏటా అటూ ఇటూ మారలేరు. అన్నిటికంటే ముఖ్యం, పొద్దున తొమ్మిదికి పంచ్ కొట్టి, సెలవు చీటీ రాసి, ఒక్క యజమాని చెప్పిందే చేస్తూ కాగితం మీద మాత్రం కన్సల్టెంట్ అని రాసుకుంటే అది నిలబడదు. రెండు మూడు ఆసుపత్రులకి తిరిగే డాక్టరుకి ఇది సహజంగా సరిపోతుంది, ఒక్క చోట కట్టేసినట్టు పనిచేసేవాళ్ళకి సరిపోదు.

## "రిఫండ్ తెప్పిస్తాం, పది శాతం ఇవ్వండి"

ఇది దారి కాదు, గొయ్యి. కానీ ఏటా ఎవరో ఒకరు పడతారు కాబట్టి రాయక తప్పదు. పడినవాళ్ళలో నేనూ ఉన్నాను. చాలా ఏళ్ళ కింద, అకౌంట్స్‌లో చేరిన కొత్తలో, ఒక ఏజెంటు నా రిటర్ను వేసిపెట్టాడు. నా పే స్లిప్‌లో లేని 60 వేల అలవెన్స్‌ని 10(14) గడిలో రాసేశాడు. 12,480 రిఫండ్ వచ్చింది, పన్నెండు వందల పైచిలుకు అతనికిచ్చాను, సంక్రాంతికి బట్టలు కొన్నాను. తర్వాత నోటీసొచ్చింది, కాగితాలు చూపించమని. చూపించడానికేముంది? రిఫండ్ మొత్తం వడ్డీతో తిరిగి కట్టాను. ఏజెంటు ఫోన్ ఎత్తలేదు. రిటర్ను మీద ఉండేది మన పేరు, అతని పేరు కాదు.

ఇప్పుడు ఇంకా కష్టం. ఫారం 16లో లేని మినహాయింపు రిటర్నులో కనిపిస్తే కంప్యూటరే పట్టేస్తుంది. 2025 జూలైలో దొంగ మినహాయింపులు రాసిపెట్టేవాళ్ళ మీద ఆదాయపు పన్ను శాఖ దేశంలో చాలా చోట్ల ఒకేసారి తనిఖీలు చేసింది. కావాలని తప్పు రాశారని తేలితే ఎగ్గొట్టిన పన్నుకి రెండింతలు జరిమానా, పన్నూ వడ్డీ వేరే. పాత సంవత్సరాల్లో ఇలాంటిది జరిగిపోయి ఉంటే నోటీసు వచ్చేదాకా కూర్చోకండి, నాలుగేళ్ళ వరకు అప్‌డేటెడ్ రిటర్ను వేసి సరిచేసుకోవచ్చు. అదనంగా కొంత కట్టాలి, ఆలస్యమైన కొద్దీ ఆ కొంత పెరుగుతుంది.

నిజంగా ఖర్చు పెట్టారు, కంపెనీ అలవెన్స్ కూడా ఇచ్చింది, కానీ అకౌంట్స్‌వాళ్ళు మినహాయింపు చూపించలేదు, అప్పుడు మాత్రం రిటర్నులో మీరు అడగొచ్చు. బిల్లులు, డైరీ, పే స్లిప్‌లో ఆ అలవెన్స్ పేరు మూడూ ఉంటేనే అడగండి.

## ఎవరికి ఏది

12.75 లక్షల లోపు జీతమైతే ట్యాక్స్ గొడవ వదిలేసి టీఏ రేటు గురించి మేనేజరుతో గొడవ పడండి. కిలోమీటరుకి అర్ధ రూపాయి పెంచితే మా బావమరిది లాంటివాడికి వచ్చేది ఏ సెక్షనూ ఇవ్వదు. నెలకి రెండు వేల కిలోమీటర్లు తిరిగితే ఏడాదికి 12 వేలు, పైగా రుజువులుంటే పన్ను లేకుండా. ఆ గీతకి కాస్త పైన ఉంటే బిల్లులు, డైరీ బంగారం. 15 లక్షల పైన ఉండి, డ్యూటీ ఖర్చు బాగా ఉంటే అలవెన్స్ కంటే రీయింబర్స్‌మెంట్ అడగండి, జేబులో అంత డబ్బు ముందు పెట్టుకోగలిగితే. లోకో పైలట్లు రెండు పద్ధతుల్లోనూ లెక్క వేయకుండా ఏదీ ఒప్పుకోకండి. ఇంట్లోంచి పనిచేసేవాళ్ళు ఆఫర్ లెటర్ దగ్గరే పని ముగించుకోండి.

మా బావమరిది జీతం 8 లక్షల లోపే, కాబట్టి ఈ ఏడాది అతనికి పన్నూ లేదు, రిఫండూ లేదు. అయినా ఒక రూళ్ళ పుస్తకం కొనిపించాను. తేదీ, బయల్దేరిన ఊరు, వెళ్ళిన ఊరు, డాక్టరు లేదా షాపు, మీటర్ మొదలు, మీటర్ చివర, పెట్రోలు ఎంత. చీటీ చేతికొచ్చిన రోజే ఫోన్‌లో ఫోటో తీసి ఆ నెల ఫోల్డర్‌లో పడేయమన్నాను. వచ్చే ఏడాది ఏరియా మేనేజరు పోస్టుకి అతని పేరు వినిపిస్తోంది మరి.